మా నాన్నే ట్రాన్సిస్టర్ బేస్!

మా చిన్నప్పుడు ఊరి కాలువ నీళ్లన్నీ మా నాన్న చేతిలో ఉండేవి... ఆయన లాకుల దగ్గర లస్కరు. ఇనప చక్రం తిప్పి షట్టర్లు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం.

ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్ ముందు రోజు అరుగు మీద కూర్చుని "ఎమిటర్, బేస్, కలెక్టర్" అని వల్లె వేస్తున్నాను. ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు! తప్పితే ఇంజనీరింగ్ ఆశ వదులుకోవాల్సిందే... ఏడుపొక్కటే తక్కువ.

నాన్న చదివింది ఎనిమిదో క్లాసు. పుస్తకంలో బొమ్మ చూసి "ఏంటమ్మా ఇది?" అన్నారు.

"ట్రాన్సిస్టర్ నాన్నా. ఈ మధ్య కాలు బేస్... దీనికి కొంచెం వోల్టేజి ఇస్తే, మిగతా రెండు కాళ్ల మధ్య బోలెడు కరెంటు పారుతుంది నాన్నా. ఇవ్వకపోతే పారదు."

"ఓసి పిచ్చిదానా... ఇది మన షట్టరే కదే! చక్రం కొంచెం తిప్పితే కొంచెం నీళ్లు, ఇంకాస్త తిప్పితే ఇంకాస్త. పూర్తిగా దించేస్తే చుక్క వెళ్లదు. మొత్తం ఎత్తేశాక ఇంకెంత తిప్పినా అవే నీళ్లు!"

అంతే... కాస్త కాస్త ఎత్తితే యాంప్లిఫయరు, మొత్తం ఎత్తడం, దించడం అయితే స్విచ్చు. హమ్మయ్య!

మర్నాడు ల్యాబ్‌లో వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు కూర్చున్నారు. మొహంలో నవ్వన్నది లేదు.

"బేస్ అంటే ఏంటమ్మా?"

కంగారులో నోరు జారింది. "మా నాన్నండి!"

ల్యాబంతా గొల్లుమంది. ఇక ఆగలేక, నాన్న చెప్పిందంతా గడగడా అప్పజెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి విన్నారు.

"కటాఫ్ ఎప్పుడు?"

"నీళ్ల వంతు లేని రోజండి. షట్టరు పూర్తిగా దించేస్తారండి."

"మరి శాచురేషన్?"

"మా మావయ్యగారి దాళ్వా వరి ఊడ్పుల రోజండి... వంతు లేకపోయినా అటు షట్టరు మొత్తం ఎత్తేస్తారండి!"

ఆయన మొహం మారిపోయింది. "ఏ లాకులమ్మా?" అనడిగారు. చెప్పాను.

"ఆ కాలువ చిట్టచివర, శివార్లోనే మా చేనుంది... నారు ఎండిపోతున్నా నీళ్లెందుకు రాలేదా అనుకుంటున్నా. ఇదన్నమాట సంగతి!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మార్కుల మాట దేవుడెరుగు... నాన్న ఉద్యోగం ఊడగొట్టేశానని ఇంటికొచ్చి ఒకటే ఏడుపు.

మర్నాడు పొద్దున్నే లాకుల పక్కనే ఉన్న మా ఇంటి ముందు స్కూటరాగింది. ఆయనే! దిగి, నాన్నకి నమస్కారం పెట్టి, "బేస్ గారు మీరేనాండి?" అన్నారు.

నాన్న తెల్లమొహం వేశారు. ఆ తర్వాత పావుగంట అక్షింతలే... నాన్న తలొంచుకుని అన్నీ విన్నారు. విని, వెళ్లి మావయ్య వైపు షట్టరు దించేశారు. "తప్పేనండి. ఇక మీ శివారు వంతు తప్పదండి" అన్నారు.

ఎగ్జామినర్ గారు అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, నా వైపు తిరిగారు. "నీకు ముప్పైకి ముప్పై వేశానమ్మా... మీ నాన్నకి మాత్రం సున్నా!"

ఇప్పుడక్కడ మోటార్లు పెట్టేశారు... మీట నొక్కితే షట్టరు లేస్తుంది. మావయ్యలు వచ్చి బతిమాలినా వినదు. మంచిదే లెండి... కానీ నీళ్లు రాకపోతే ఎదురుగా నిలబడి నాలుగు దులిపేందుకు, దులిపించుకుని "తప్పేనండి" అనేందుకు అక్కడ మనిషే లేడు.

అన్నట్టు... పరీక్షలో ఇంట్లోవాళ్ల గుట్టు విప్పేసిన ఘనులు మీలో ఇంకెవరైనా ఉన్నారాండి? మొహమాటపడకుండా చెప్పేయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే కాస్త ధైర్యంగా ఉంటుంది!