మేకుకు వేలాడిన చర్నాకోల

హార్స్లీ హిల్స్ మీద ఈమధ్య కట్టిన ఒక రిసార్టులో భోజనానికి కూర్చున్నప్పుడు ముందు కట్టెల పొగ తగిలింది, దాని వెనకాలే ఆముదం పట్టించిన తోలు వాసన. పొగ సంగతి వాకిట్లో బోర్డే చెబుతోంది, కట్టెల పొయ్యి మీద రాగి సంకటి, నాటుకోడి పులుసు అని. తోలు వాసన ఎక్కడిదా అని తల తిప్పితే, పల్లెటూరి అందం కోసమని గోడకు బండిచక్రం, చేట, కవ్వం తగిలించి, వాటి పక్కన ఒక చర్నాకోలకు మేకు కొట్టారు. మేకు ఖాళీగా ఉంది. చర్నాకోల ఒక కొత్త పెళ్లికొడుకు చేతిలో ఉంది. అతను దాన్ని పైకెత్తి పట్టుకుంటే, అతని భార్య ముందు మోకాళ్లమీద కూర్చుని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వుతోంది, స్నేహితుడెవరో ఫోన్‌లో ఫోటో తీస్తున్నాడు. నా చేతిలోని సంకటి ముద్ద పళ్లెంలోకి జారింది. యాభై దాటినదాన్ని, దేవుణ్ణీ దెయ్యాన్నీ నమ్మనిదాన్ని, ఏ సభలోనైనా లేచి నిలబడి వాదించగలిగినదాన్ని, నా భుజాలు రెండూ వాటంతటవే చెవుల దాకా ముడుచుకున్నాయి.

మా ఇల్లు మదనపల్లెలో, మిషన్ ఆసుపత్రి వెనక పేటలో ఉండేది. ఒక తరం కిందట ఆ పేటలో అందరూ కూలివాళ్లే. నా చిన్నతనానికి ఇంటికొకరు ఆయాగానో బంట్రోతుగానో నెలజీతానికి కుదురుకుని, పొద్దున్నే ఇస్త్రీ బట్టలతో బయల్దేరేవారు. ప్రతి ఇంట్లోనూ యేసుప్రభువు పటం ఉండేది. మా ఇంట్లో ఆ పటం కింద ఒక మేకు, ఆ మేకుకు ఒక చర్నాకోల కూడా ఉండేవి. అది మా తాత దావీదప్ప తెచ్చింది. పుంగనూరు దగ్గర పల్లెలో ఒక ఆసామి ఇంట ఆయన చిన్ననాటి నుంచీ జీతగాడు, అప్పట్లో ఆయన పేరు గంగులప్ప. చలికాలం పొద్దుటెండలో అరుగు మీద బోర్లా పడుకుని, "పాపా, వీపుకు రోంత ఆముదం రాయమ్మా" అనేవాడు. నా అరచేతి కింద ఆ వీపు దున్ని వదిలేసిన చేనులాగ ఎగుడుదిగుడుగా తగిలేది. నడుమెత్తు కూడా లేని పుంగనూరు ఆవు చేలో పడి మేసిందని ఒకనాడు, నీళ్లు తోడడం ఆలస్యమైందని ఇంకొకనాడు ఆసామి వేసిన గుర్తులవి. ఒకరోజు కళ్లంలో అందరి ఎదుటా మళ్లీ చర్నాకోల లేస్తే, తాత ఆ తోలును గాలిలోనే పట్టుకుని, మణికట్టుకు చుట్టుకుని, ఒక్క గుంజు గుంజాడు. కర్ర ఆసామి చేతిలోంచి ఊడి తాత చేతికి వచ్చింది. తక్కిన జీతగాళ్లు ఊపిరి బిగబట్టి చూశారట, ఇక ఆసామి వీపు పగులుతుందని. తాత కొట్టలేదు. దాన్ని భుజాన వేసుకుని, పొద్దు వాలేలోగా మదనపల్లెకు నడిచి వచ్చేశాడు.

"యాల కొట్టలేదు తాతా?" అని నేను అడిగితే, "కొట్టింటే నేనూ ఆడనే నిలిచిపోదును గదమ్మా, ఇంగో ఆసామి మాదిరి" అనేవాడు.

యేసు శిష్యుడంటే ఎవరని అడిగితే నాస్తికురాలినైన నేను ఇప్పటికీ ఆ నడకనే చూపిస్తాను. తాత తల మీద బాప్తిస్మపు నీళ్లు పడింది ఆ తర్వాతెప్పుడో. గురువు మాటను కంఠస్థం చేసినవాడు శిష్యుడు కాడు, చేతికి కొరడా చిక్కిన క్షణంలో, ఆ మాట ఇంకా వినకపోయినా, దాని ప్రకారం నడిచినవాడు శిష్యుడు. ఈ సంగతి నాకు ఏ గ్రంథమూ నేర్పలేదు, ఆముదం పూసిన నా అరచెయ్యి నేర్పింది.

కానీ తాత ఒక తప్పు చేశాడు. ఆ చర్నాకోలను కాల్చెయ్యలేదు. ఇది ఇంక ఎవరినీ కొట్టదనడానికి సాక్ష్యంగా ఉంటుందని ప్రభువు పటం కింద తగిలించాడు, పైగా ప్రతి ఆదివారం గుడి నుంచి వచ్చాక దాని తోలుకు కూడా ఆముదం పట్టించేవాడు. శవానికి తైలం పూస్తున్నాననుకున్నాడు. తోలు మెత్తగా బతికే ఉంది.

తాత పోయిన నెలలోనే మా నాయన దాన్ని మేకు మీంచి దించాడు.

నాయన పేరు యాకోబు. టమోటా మండీలో వేలం పాడించేవాడు. వాన వెలిసిన పొద్దుల్లో లారీల కింద నలిగిన టమోటాల పులిసిన వాసన బజారంతా కమ్ముకుంటే, బుట్టల గుట్టల మధ్య ఆయన గొంతు కంచు మోగినట్టు మోగేది. బి.కొత్తకోట నుంచి వచ్చిన రైతులు కూడా "యాకోబప్ప పాడితే సరుకుకే రంగొస్తాదప్పా" అనేవారు. ఆ గొంతే ఆదివారం గుడిలో ప్రార్థన చేస్తే ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకునేవారు. ఇంట్లో ఆ గొంతు వినబడేది కాదు. ఇంట్లో చర్నాకోల మాట్లాడేది. కూరలో ఉప్పు ఎక్కువైతే ఒకటి, అమ్మ పక్కింటివాళ్లతో నవ్వితే రెండు, ఎందుకని అడిగితే లెక్క లేదు. నా చెల్లెలు రూతు ఒకసారి పలక పగలగొట్టినందుకు నాయన దాని కాళ్ల మీద కొడితే, పిక్కల చుట్టూ ఎర్రటి పాము చుట్టుకున్నట్టు తట్టు తేలి, మూడు రోజులు అది గోడ పట్టుకుని నడిచింది. అడ్డొచ్చిన మా అవ్వను, అంటే తన కన్నతల్లిని, భుజం పట్టి పక్కకు నెట్టి, "బెత్తం వాడమని వాక్యంలోనే ఉండాది, నువ్వు సదువుకోలేదు, నీకేం తెలుసు" అన్నాడు. ఎండాకాలం సెలవుల్లో పేటలో ఆడపిల్లలందరం అచ్చనగాయలు, తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. మా అక్కాచెల్లెళ్లకు మాత్రం ఇంకో ఆట ఉండేది, ఆ ఆటకు బయటి పిల్లల్ని రానిచ్చేవాళ్లం కాదు. అరటినారతో కొరడా పేని, గుడ్డబొమ్మను అరుగు మీద కూర్చోబెట్టి, వంతుల ప్రకారం నాయన అయ్యేవాళ్లం. రూతుకు నాయన వంతు వస్తే బొమ్మలో దూది మిగిలేది కాదు.

ఒక ఎండాకాలం అమ్మ ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని, పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సులు మారి కుప్పం చేరింది. అక్కడ మా రత్నం మామ గ్రానైటు షెడ్డులో రాళ్లు చెక్కేవాడు. షెడ్డు వెనక ఒకే గది ఇల్లు. తెల్లటి రాతిపొడి అన్నంలోనూ, నీళ్లలోనూ, కనురెప్పల మీదా పడేది, పొద్దుగూకే దాకా సుత్తి, ఉలి చప్పుడు ఆగేది కాదు. ఆ చప్పుడులో మేము భయం లేకుండా నిద్రపోయాం. పదో రోజున మా గుడిలో వాక్యం చెప్పే అయ్యగారిని వెంటబెట్టుకుని నాయన వచ్చాడు. గడపలో కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగదని ఇప్పటికీ అనలేను, కొట్టినప్పటి కోపం ఎంత నిజమో అదీ అంతే నిజం. అయ్యగారు చెడ్డవాడు కాదు, చెడ్డమాటను మెత్తగా చెప్పగలిగిన మంచివాడు.

"సుగుణమ్మా, శిష్యత్వమంటే సిలువ మొయ్యడమే కదమ్మా. నీ భర్తే నీ సిలువ అనుకో. ఓర్చుకో" అన్నాడు.

అమ్మ పైట కాస్త పక్కకు జరిపి, భుజం మీద మానని తట్టు చూపించింది. "సిలువ మొయ్యమన్నాడు గానీ, మేకులు కొట్టేవోనికి సుత్తి అందియ్యమన్లేదు గదయ్యా" అంది.

షెడ్డులో ఉలి చప్పుడు ఆగిపోయింది. చెక్కేవాళ్లంతా ఇటే చూస్తున్నారు. అయ్యగారు యాకోబును ఈ కోత పండగనాడు సంఘ పెద్దగా ప్రకటిస్తామనీ, బాధ్యత నెత్తిన పడితే మనిషి తానే దారికి వస్తాడనీ అన్నాడు. ఎన్ని వందల ఏళ్లుగా ఎన్ని మతాలు చేసిన వైద్యమో ఇది, కొట్టేవాడికి కుర్చీ వెయ్యడం! మామ ఇంట్లో ఇంకో మూడు ప్రాణాలకు చోటు లేదు, మాకు బడులు తెరుస్తారు, అమ్మ తిరుగు బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని, తనలో తాను అనుకున్నట్టు, "ఆయప్ప పెద్దయితే నా మాట యినే చెవి ఆ గుళ్లో ఇంగ ఉండదు" అంది. అప్పటినుంచి నేను పండగ ఎప్పుడొస్తుందా అని కాదు, ఎప్పటికీ రాకుంటే బాగుండునని రోజులు లెక్కపెట్టాను.

కోత పండగంటే మా పేటకు క్రిస్మస్‌ను మించిన పండగ. చెనిక్కాయలు పెరికి, చలి మొదలైన ఆదివారం, ఎవరికి ఏది పండితే దాని ప్రథమ ఫలం గుడికి తెచ్చేవారు. చేలు లేనివాళ్లు కోడినో, ఇంట్లో బెల్లం పూర్ణం పెట్టి చేసిన ఓళిగలనో తెచ్చేవారు. గుడి లోపల పచ్చి చెనిక్కాయల మన్నువాసన, చెరుకుగడల తియ్యదనం, గుమ్మడికాయల మీది బూడిద, కాళ్లు కట్టిన కోళ్ల గోల, వాటి మధ్యలో పాటలు. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ బల్ల మీద పెట్టి వేలం వేసేవారు. పాడించేది మా నాయనే. మల్లెపువ్వులాంటి చొక్కాతో బల్ల వెనక నిలబడి, కోడిని రెక్కలు పట్టి ఎత్తి, "గుడ్డు పెట్టే కోడి కాదప్పా ఇది, వాక్యం యినిన కోడి!" అంటే గుడి గుడంతా నవ్వింది. నేనూ నవ్వాను. వేలం అయ్యాక అయ్యగారు పెద్దల పేర్లు చదవాలి. కాగితం ఆయన జేబులోంచి కనబడుతోంది.

అప్పుడు అమ్మ లేచింది. గుడ్డ కప్పిన చేట ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. వాసన చూసి ఆముదం వంట ఏమిటా అని ముందు వరస ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. నాయన అదే ఊపులో గుడ్డ లాగి, "సుగుణమ్మ గారు తెచ్చిన..." అని ఆగిపోయాడు.

వెనకనుంచి మండీ హమాలీ ఒకడు, కనబడక, "ఏం యాకోబప్పా, గొంతు పడిపాయనా? సరుకు ఎత్తి సూపియ్యి!" అని అరిచాడు.

అమ్మ అయ్యగారి వైపు తిరిగింది. "ప్రథమ ఫలం తెమ్మంటిరి గదయ్యా. మా ఇంట్లో ఈ ఏడు పండింది ఇదే. పాడించండి."

నాయన చర్నాకోల ఎత్తాడు, కాని చూపించడానికి కాదు. మొదటి దెబ్బకు బల్ల మీది టమోటాలు పగిలాయి. రెండో దెబ్బ అమ్మ చెంప మీద పడింది. ఆమె మొహం మీద కారుతున్నది టమోటా రసమో నెత్తురో ఎవరికీ తెలియలేదు, నాకు తెలిసింది. మగవాళ్లు నిండిన గుడిలో ఒక్కడూ కదలలేదు. మూడోసారి లేచినప్పుడు మా అవ్వ, నడుము వంగిన మనిషి, ఎప్పుడు ముందుకొచ్చిందో, ఆ తోలును గాలిలోనే పట్టుకుని మణికట్టుకు చుట్టుకుంది. తాత చెప్పిన కథలోలాగే. గుంజే బలం లేదు ఆమెకు. ఊరికే పట్టుకుని నిలబడింది.

"నీ నాయిన వీపు ఇచ్చి కొనుక్కున్న సరుకురా ఇది" అంది. "దీనికి మళ్లీ యాలమేంది? నాది నాకియ్యి."

నాయన వేళ్లు ఒక్కొక్కటే విడిపోయాయి. అయ్యగారు జేబులోని కాగితాన్ని మడిచి లోపలికి తోసి, ఆశీర్వాదం చెప్పకుండానే పీఠం మెట్టు మీద కూర్చుండిపోయాడు.

అమ్మ చెంపకు ఆసుపత్రిలో కుట్లు వేయించుకుని ఇంటికి వచ్చేసరికి, అవ్వ చర్నాకోలను ముక్కలుగా నరికి సంకటి కుండ కింద పొయ్యిలో పెట్టింది. ఆ మధ్యాహ్నం ఇల్లంతా తోలు కాలిన కంపు, సంకటికీ అదే కంపు. ఒక్క మెతుకు వదలకుండా తిన్నాం. నాయన బయట అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. అమ్మ కట్టు కట్టిన మొహంతో పళ్లెంలో సంకటి, ఊరుబిండి పచ్చడి వేసి, నాయనకు పెట్టి రమ్మని నా చేతికిచ్చింది. నేను కదలకపోతే, "క్షమించినానని కాదులే పాపా. ఆకలయితాంటాది, పెట్టినాను" అంది.

అద్భుతమేమీ జరగలేదు. నాయనకు హృదయం మారిందని నేను ఏ సాక్ష్యమూ చెప్పను. పేటంతా చూసింది కాబట్టి భయపడ్డాడు, చెయ్యి ఆగింది, నోరు చివరిదాకా ఆగలేదు. "భయానికి మానినా మానినట్టేలే" అనేది అమ్మ. ఆయన సంఘ పెద్ద కాలేదు. అమ్మనూ ఎవరూ ఏ పదవికీ పిలవలేదు, గుడిని అల్లరి చేసిందని కొన్నాళ్లు ఆమె పక్కన కూర్చోనివాళ్లు కూడా ఉన్నారు. ఆమె మాత్రం ప్రతి ఆదివారం అదే చోట చాప మీద కూర్చుంది. నేను నమ్మకం వదిలేశానని చెప్పినప్పుడు కూడా ఆమె ఏడవలేదు, "కొట్టకుండా బతుకు, అంతే" అంది.

ఇప్పుడు బండ్లు లేవు, చర్నాకోలలు పేనేవాళ్లు లేరు. పేటలో మిద్దెలు లేచాయి. కోత పండగలో గుమ్మడికాయల బదులు డబ్బు పెట్టిన కవర్లు ఇస్తున్నారట, వేలానికి ఎవరి గొంతూ అక్కర్లేదు. అవ్వ, అమ్మ, నాయన ఒకే సమాధుల తోటలో ఉన్నారు. తోలుకు ఆముదం పట్టించే చేతులన్నీ పోయాయనుకున్నాను. గోడమీది అలంకారం ఎండిపోకూడదని ఈ రిసార్టు వాళ్లు ఎవరో పట్టిస్తున్నారు.

చెయ్యి కడుక్కుని ఆ పెళ్లికొడుకు దగ్గరికి వెళ్లాను. "ఊరికే తమాషాకి ఆంటీ" అన్నాడు.

"తెలుసప్పా. ఇటియ్యి."

ఇచ్చాడు. ఆ అమ్మాయి నవ్వు ఆపి, లేచి, మోకాళ్ల దుమ్ము దులుపుకుంది. అలవాటు కొద్దీ మేకు దాకా వెళ్లి తగిలించబోయి, ఆగాను. తాత చేసిన తప్పు నేను చెయ్యదలుచుకోలేదు. కౌంటరు దగ్గరికి తీసుకెళ్లి నా బిల్లులో వెయ్యమన్నాను.

"అది డెకరేషన్ మేడమ్, అమ్మేది కాదు. అయినా ఏం చేసుకుంటారు?" అంది అక్కడి పిల్ల.

ఇన్నేళ్లుగా సభల కోసం సానబెట్టుకున్న నా భాష ఎక్కడికి పోయిందో. "మీ కట్టెల పొయ్యి యాడుండాది పాపా?" అన్నాను.