బోల్టు కింద రంగు

నా చెయ్యి ఎంత దుర్మార్గమైందో మా గల్లీలో ఎవరినడిగినా చెబుతారు. నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందె జరిపాడని పక్కింటాయన పన్ను ఊడగొట్టిన చెయ్యి ఇది. ఆ రోజు ఠాణా నుంచి ఇంటికొస్తే నా భార్య తిట్టలేదు, ఏడవలేదు. నా అరచెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఒట్టెయ్యి. ఇంకొక్కసారి గీ చెయ్యి ఎవరి మీదన్న లేస్తె నేను గీ ఇంట్ల ఉండ. చెప్పి పోత అనుకోకు, చెప్పకుండనే పోత."

ఒట్టేశాను. రెండేళ్లు నిలబెట్టుకున్నాను కూడా. ఎట్లా నిలబెట్టుకున్నానో నా పళ్లకే తెలుసు, కొరికి కొరికి అరిగిపోయాయి. కోపమొస్తే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాణ్ని. ఆమె చూసి నవ్వేది.

మాదొక పాత కారు. ఆ మధ్య వెనక నుంచి లారీ గుద్దితే డిక్కీ సగం లోపలికి పోయింది. డెంటింగూ పెయింటింగూ అయ్యాక తెగిన వైర్లన్నీ మా బామ్మర్ది మళ్లీ వేశాడు. మలక్‌పేటలో వాడికి బండ్ల కరెంటు పనులు చేసే షాపుంది. నా భార్యకు వాడొక్కడే తమ్ముడు. తల్లి పోయాక ఆమే చంకనేసుకుని పెంచింది. పని కాగానే వాడు ఒక్కో లైటూ వేసి చూపించాడు, అన్నీ వెలిగాయి. రెండ్రోజులు బండి మస్తుగా నడిచింది.

బుధవారం నుంచి దానికి దయ్యం పట్టింది. ఎడమ ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కొట్టుకునేది. బ్రేక్ నొక్కితే వెనక లైట్లన్నీ ఆరిపోయేవి. శనివారం సాయంత్రం పెద్ద వాన. మలక్‌పేట రైలు వంతెన కింద నేను బ్రేక్ వేశాను, వెనకున్న ఆటో నేరుగా వచ్చి గుద్దేసింది. నా భార్య తల వెనక్కి కొట్టుకుని, మళ్లీ ముందుకొచ్చి డ్యాష్‌బోర్డుకు ఠప్పున తగిలింది. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి లేచింది. ఆటో అతను దిగొచ్చి కిటికీలోంచి నా కాలర్ పట్టుకున్నాడు.

"అంధా హై క్యా రే? బత్తీ నై, కుచ్ నై, బ్రేక్ కైకు మారా?"

గుడ్డోడివా, లైటు లేకుండా బ్రేకెందుకేశావని అతను అరుస్తుంటే చేతులు తొడల కింద పెట్టుకున్నాను. ఆమె బొప్పి మీద కొంగు అదుముకుని నా వైపే చూస్తోంది. అయినా అతని తప్పేముంది? లైటు వెలగలేదు. తప్పంతా వైర్లు వేసినవాడిది. ఆ ఒక్క మాటే లోపల కుతకుతలాడుతూ ఇంటిదాకా వచ్చింది, తెల్లారినా చల్లారలేదు.

ఆదివారం పొద్దున బామ్మర్ది సామాను సంచితో వచ్చాడు. అక్క నుదురు చూసి వాడి మొఖం మాడిపోయింది. సంచి కింద పెట్టి పనిలోకి దిగాడు. లైట్లు చూసేటప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నేను సీట్లో కూర్చుని బ్రేక్ తొక్కుతాను, ఆమె బండి వెనక నిలబడి వెలిగిందో లేదో కేకేస్తుంది. ఇన్నేళ్లూ అంతే.

"వెలిగిందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"ఎర్రది లేదు. పసుపుది మినుకుమినుకుమంటున్నది."

వాడు బల్బులు మార్చాడు, ఫ్యూజులు మార్చాడు. టెస్ట్ ల్యాంపు పట్టుకుని గంటసేపు వైరు వైరూ వెతికాడు. చివరికి డిక్కీలోంచి తల బయటపెట్టాడు.

"కరెంటు మంచిగనే వస్తున్నది బావా. వెనకకు పోయే తొవ్వ లేదు, ఎర్త్ పోయినట్టున్నది. నువ్వేమన్న ముట్టుకున్నవా?"

నేను ముట్టుకున్నానా! ఆమె నెత్తి పగలడానికి కారణమై, పైగా నన్నే నిలదీస్తాడా? అరికాలి మంట నెత్తికెక్కింది. డోరు ధడాలున తోసి దిగాను.

"నీ చేతగాని పనికి మీ అక్క నెత్తి పగిలిందిరా. నన్నడుగుతవా?"

"గట్ల కాదు బావా, నేను మంచిగ గీకి టైట్ చేసి..."

వాణ్ని మాట పూర్తిచెయ్యనివ్వలేదు. పిడికిలి బిగించి మూతి మీద గుద్దాను. వాడు వెళ్లి డిక్కీ అంచు మీద పడ్డాడు. లేవబోతుంటే మెడ పట్టి మళ్లీ గుద్దాను. దాచుకోవడమెందుకు, ఆ రెండో దెబ్బ నాకు హాయిగా అనిపించింది. రెండేళ్లుగా మింగిందంతా అందులో కక్కేశాను. వాడు చెయ్యెత్తలేదు. పెదవి చీలి రక్తం కొత్త పెయింటు మీద కారింది. ఆమె "ఏయ్" అని కూడా అనలేదు. నేనూ అటు చూడలేదు.

వాడు రక్తం ఉమ్మేసి, పానా తీసుకుని, డిక్కీలో మూలన, వైరును బండి ఇనుముకు కలిపే ఎర్త్ బోల్టు విప్పాడు.

"ఇటు రా బావా. చూడు."

బోల్టు కింద తళతళలాడాల్సిన ఇనుము ఎర్రగా ఉంది.

"గీడ రంగుంటె కరెంటు వెనకకు పోదు. గందుకే నేను తెల్లగ గీకి బిగించిన. గీ రెడ్ ఆక్సైడ్ ఎవరు పూసిండ్రు?"

నేనే. కంచన్‌బాగ్ వైపు ఒక లోహాల కర్మాగారంలో నా నౌకరీ. ఒట్టి ఇనుము కంటబడితే ఊరుకోవద్దు, తుప్పు పట్టకముందే రంగు వెయ్యాలి. చేరిన రోజు నేర్పింది అదే, ఇరవై ఆరేళ్లుగా చేస్తున్నదీ అదే. మా ఇంటి గేటూ, కూలర్ స్టాండూ, చివరికి రోలు కింద పెట్టిన ఇనుప పీటా అన్నీ రెడ్ ఆక్సైడే. మొన్న మంగళవారం నాకు సెలవు. డిక్కీలో మెరుస్తున్న ఇనుము కనబడింది. బామ్మర్ది బద్ధకంతో అట్లా వదిలేశాడనుకుని, బోల్టు విప్పి, కింద కూడా బ్రష్షుతో నింపాదిగా పూసి, ఆరాక బిగించాను. గొప్ప పని చేశానని మీసం దువ్వుకున్నాను కూడా. థూ, నా బతుకు చెడ!

తలెత్తి ఆమె నిలబడే వైపు చూసే మొఖం లేక బోల్టునే చూస్తున్నాను. వాడు గరుకు కాగితంతో రంగంతా రుద్ది తీశాడు. పెదవి నుంచి చుక్కలు పడుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ బోల్టు బిగించాడు.

"పోయి కూసో. బ్రేక్ తొక్కు."

"ముందు నీ మూతి కడుక్కోరా..."

"లైట్లు లేని బండిల మా అక్కను తిప్పుతవా? తొక్కు."

వెళ్లి కూర్చున్నాను. నా వేళ్ల మీది వాడి రక్తం స్టీరింగుకు అంటుకుంది. బ్రేక్ తొక్కాను.

"వెలిగిందా?" అని ఆమెను అడిగాను.

పెడల్ ఇంకా గట్టిగా అదిమాను.

"ఏమే, వెలిగిందా?"

అద్దంలో చూస్తే ఎత్తిన డిక్కీ మూత అడ్డమొచ్చింది. ఇంకోసారి గట్టిగా అరిచాను. అప్పుడు వాడు మూత దించాడు. ఆమె నిలబడ్డ చోట ఎవరూ లేరు. గేటు బార్లా తెరిచి ఉంది.

"అక్క పోయింది బావా. నువ్వు రెండోసారి గుద్దినప్పుడే పోయింది."

నా కాలు బ్రేక్ మీదే ఉండిపోయింది. వాడు వాచిన మూతితో ఆమె నిలబడే చోటికి వెళ్లి, వంగి లైట్లు చూశాడు.

"వెలిగింది" అన్నాడు.