రేవురేవునా ఒక్క గుక్క

బావ పోయాడన్న కబురు నాకు అచ్యుతాపురంలో అందింది. బళ్లో పాఠం మధ్యలో ఉన్నాను. పోస్టాఫీసు మనిషి సైకిలు దిగి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వైజాగ్ నుంచి ఫోనొచ్చిందన్నాడు, తల దించుకున్నాడు. నేను బస్సు పట్టుకుని వన్ టౌన్‌లో వాళ్ల సందులోకి నడిచేసరికి అరుగు నిండా పోర్టు మనుషులే ఉన్నారు. గడ్డం గీసుకుంటూ అద్దం ముందే కూలబడిపోయాడట. ఒక బుగ్గ నున్నగా ఉంది, రెండో బుగ్గ మీద సబ్బు నురగ ఎండిపోయింది. అక్క తడి గుడ్డతో దాన్ని తుడుస్తూ నన్ను చూసి, "సగం గడ్డంతో పంపిత్తామేట్రా? మంగలిని పిలు," అంది. అంతవరకూ ఏడవలేదట. ఆ మాట అన్నాకే ఏడ్చింది.

మా అక్క భర్త సరుకు ఓడల్లో వంటవాడు, చీఫ్ కుక్. మా వైపు మగవాళ్లు ఒకర్నొకరు బావా అనే పిలుచుకుంటారు కాబట్టి నేను ఆయనకు బావని, ఆయన నాకు బావ. డెబ్బైల్లో సగం కాలం ఆయన నీళ్ల మీదే గడిపాడు. ఇంటికొచ్చినప్పుడల్లా పెట్టె తెరిస్తే అందరూ సెంటు సీసాల కోసం, నైలాన్ చీరల కోసం చూసేవారు. బావ మాత్రం అడుగున, చొక్కాల మధ్య చుట్టిపెట్టిన ఒకటో రెండో సీసాలను పసిపిల్లల్ని ఎత్తినట్టు బయటికి తీసేవాడు. అది విస్కీ. ఏ దేశం వెళ్తే ఆ దేశంది.

ఇది చదివి ఆయన్ని తాగుబోతు అనుకోకండి. బావ తూలడం నేను ఎప్పుడూ చూడలేదు. రేవులో ఓడ ఆగితే మిగతావాళ్లు గేటు ఎదురుగా ఉన్న బార్లకి పరుగెత్తేవారట. ఈయన ఊళ్లోకి నడిచి, ముసలివాళ్లు కూర్చునే చిన్న కొట్టు ఏదో వెతుక్కుని, వాళ్లు తాగేదే తనకీ ఒక్క గ్లాసు పొయ్యమనేవాడు. ఐసు వద్దనేవాడు. ముందు వాసన చూసేవాడు, కాసేపు ఆగి మళ్లీ చూసేవాడు. ఆ తర్వాత ఒక్క గుక్క. ఆ గుక్క నోట్లో ఉన్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. "తాగడానికి నోరుంటే సాలు బావా. రుసి సూడ్డానికి మనిషుండాల," అనేవాడు.

ఒకసారి గ్లాస్గోలో ఓడ మరమ్మతుకి ఆగితే, సెలవు పెట్టి, రైలెక్కి, పడవెక్కి, స్కాట్లండ్ పక్కన ఒక దీవికి వెళ్లాడు. అక్కడి విస్కీ ఎందుకు పొగ వాసన వేస్తుందో కళ్లారా చూడాలని. మట్టిగడ్డలు తవ్వి, ఎండబెట్టి, వాటిని కాల్చిన పొగలో బార్లీ గింజలు ఆరబెడుతున్నారని చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. మా అమ్మ మటుకు, "మట్టి కాల్సుకునే ఊరు సూడ్డానికి అంత దూరం ఎల్లావేటి నాయనా," అని నిజంగానే జాలిపడింది.

పోర్టు దగ్గర ఓడ మనుషులకి ఒక చదువుకునే గది ఉండేది. అందులో గోడపత్రిక పెట్టేవారు. దానికి బావ "రేవు రుచి" అని రాసేవాడు. ఏ రేవులో ఏ విస్కీ చూశాడో, అది ఎలా ఉందో, తాగదగ్గదో కాదో. స్కాట్లండ్ దీవి విస్కీ గురించి ఇలా రాశాడు: చేపల రేవులో మధ్యాహ్నం నిలబడండి, ఒక పక్క ఎండు చేపలు, ఒక పక్క పడవకి పూసిన తారు, దూరంగా ఎవరో తాటాకులు కాలుస్తున్నారు, ఆ గాలిని సీసాలో పట్టారు. డబ్లిన్‌లో తాగింది నెయ్యి కాచి దించిన గిన్నెలా మెత్తగా ఉందన్నాడు. అమెరికా రేవు న్యూ ఆర్లీన్స్‌లో తాగింది కొత్త టేకు బీరువాలో ఎవరో బెల్లం పాకం దాచినట్టు ఉందన్నాడు. చెరకు మడ్డితో కాచే మన దేశపు సరుకు గురించి మొహమాటపడకుండా, "చక్కెర మిల్లు వెనక గేటు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

జపాన్ నుంచి తెచ్చిన దాని దగ్గర మాత్రం ఇంట్లో గొడవైంది. వాన వెలిశాక సింహాచలం మెట్లెక్కుతుంటే వచ్చే సంపెంగ వాసన అని రాసి నాకు చదివి వినిపించాడు. అక్క వంటింట్లోంచే వింది.

"అప్పన్న కొండని తాగుడులోకి లాగీసినారా? కొట్టీండి ఆ మాట."

"వాసన అదేనే. నానేటి సెయ్యను?"

"సంపెంగ పూర్ణా మార్కెట్లో కూడా దొరుకుతాది. అలా రాయండి."

అలాగే రాశాడు. ఆ తర్వాత నాతో మెల్లగా, "మార్కెట్ అంటేనే సరిపోనాది బావా. కొండ మీద గాలెక్కువ, వాసన నిలవదు," అన్నాడు. అక్క మాట విన్నందుకు ఆయన ఎప్పుడూ ఇలాంటి కారణం ఒకటి వెతుక్కునేవాడు.

ఎనభైల మొదట్లో బావ ఉన్నట్టుండి ఓడ ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేశాడు. ఒంట్లో బాగోలేదన్నాడు. ఆ పైన ఎవరూ అడగలేదు. ఊళ్లో ఉన్నాడు కాబట్టి ఆదివారాలు ఆయన అరుగు మీద పెద్ద సభే జరిగేది. చేపల రేవులో సొంత బోటున్న ఒకాయన, కొత్తగా కడుతున్న స్టీలు ప్లాంటులో ఫోర్మన్ ఒకాయన, ఊళ్లో ఉంటే నేను. పొద్దున పది దాటాక అక్క వేయించిన వంజరం చేప ముక్కలు వచ్చేవి. ఓడల మీద తిరిగే కుర్రకారు ఏ దేశం నుంచైనా ఒక చిన్న సీసా తెచ్చి బావ చేతిలో పెట్టి, "సెప్పు మావా," అని కూర్చునేవారు.

ఆయన ఇదివరకులా అరుగు మీదే వాసన చూడడం మానేశాడు. గ్లాసు పట్టుకుని, "రెండు సుక్కలు కుండనీళ్లు పడాల," అని లోపలికి వెళ్లేవాడు. కాసేపటికి వచ్చి కూర్చుని, ఒక గుక్క వేసి, కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఆ చెప్పడంలో ఏ మార్పూ లేదు. ఒక్కటే తేడా, పోలికల్లో పడవలూ తారూ తగ్గిపోయి, పొయ్యీ, పోపూ, ఊరగాయ జాడీ, పశువుల కొట్టం ఎక్కువయ్యాయి. ఇంటిపట్టున ఉన్నాడు కదా అనుకున్నాం.

ఫోర్మన్ కూతురికి నిశ్చితార్థం కుదిరింది. పెళ్లివారిలో పెద్ద ఆఫీసర్లున్నారని, వాళ్లకి ఫారిన్ విస్కీ పొయ్యాలని ఆయన పట్టుదల. రేవు గేటు దగ్గర ఎవరిదగ్గరో ఒక పెట్టెడు సీసాలు సంపాదించాడు. సాయంత్రం ఫంక్షన్ అనగా, పొద్దున్నే ఒక సీసా తీసుకుని అరుగు మీదికి వచ్చాడు. "బావా, నువ్వొక్క మాట సెప్పీ. నీ మాటే ఆళ్లకి సెప్పుకుంతాను," అన్నాడు. లేబులు తళతళలాడుతోంది, మూత సీలు కూడా సరిగ్గానే ఉంది. ఆయనే అందరికీ గ్లాసుల్లో పోశాడు.

బావ తన గ్లాసు తీసుకుని కుండనీళ్లకని లోపలికి వెళ్లాడు. ఆ రోజు ఎప్పటికన్నా ఆలస్యమైంది. తిరిగొచ్చినప్పుడు గ్లాసు అలాగే ఉంది, గుక్క కూడా వెయ్యలేదు.

"ఇది ఎవరూ ముట్టుకోకండి," అన్నాడు.

ఫోర్మన్ నవ్వాడు. బావ నవ్వలేదు.

"ఏటయింది?"

"ఇది విస్కీ కాదు. స్పిరిట్టు. పారబొయ్యి. ఇంటికాడున్న సీసాలు కూడా."

ఫోర్మన్ మొహం ఎర్రబడింది. "నోట్లో ఎయ్యకుండా ఎలా సెప్పినావ్? ఊరందరి సీసాలకీ ఓ గుక్క ఏసి, కళ్లు మూసుకోవాల. నా సీసాకి మాత్రం లోపలికెల్లి వచ్చీగానే తీర్పా? నా ఇంటి శుభకార్యం అనేటి?" అని తన గ్లాసు ఎత్తాడు. "సూడు, నాను తాగి సూపిత్తాను."

బావ ఆయన మణికట్టు పట్టుకున్నాడు. గ్లాసులోది కొంత ఇద్దరి చేతుల మీదా ఒలికింది.

"తాగీకు బావా. నాకు ముక్కు లేదు. ఓడ దిగిపోయిన కాణ్ణుంచీ లేదు. ఇన్నాళ్లూ వాసన సూసింది నాను కాదు, మీ సెల్లెలు, మా ఇంటిది. లోపల ఆవిడ సూసి సెప్తే, వచ్చి మీకు సెప్తన్నాను. ఆవిడ ఇది వద్దంటంది. నా మాట కాదు, ఆవిడ మాట ఇనండి."

నేను అక్క తమ్ముణ్ణి. నాకూ తెలియదు.

ఆ గుమ్మం దాటి సభలోకి ఎన్నడూ రాని అక్క, తడి చేతులు చెంగుకి తుడుచుకుంటూ అరుగు మీదికి వచ్చింది. ఫోర్మన్‌తో, "అన్నయ్యా, మా బీరువాకి పాలిష్ పెట్టినప్పుడు వారం రోజులు ఇల్లంతా ఇదే వాసన. ఆ పాలిష్‌వాడి బుడ్డీలో ఉన్నది ఇదే. పిల్లకి శుభమా అని సేత్తన్నారు. వద్దు," అంది.

ఫోర్మన్ గ్లాసు కింద పెట్టాడు. సీసా తీసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నిశ్చితార్థంలో పెళ్లివారికి సోడా నిమ్మకాయ ఇచ్చారని విన్నాం. కొన్నాళ్లకి, రేవు గేటు దగ్గర అలాంటి సీసాలే కొనుక్కు తాగిన కళాసీలు చూపు మసకబారి ఆస్పత్రిలో పడ్డారు. అది తెలిసిన రోజు ఫోర్మన్ భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయన అక్క కాళ్లకి దండం పెట్టబోతే, "సాల్లెండి, సేపలు మాడిపోతన్నాయ్," అని వంటింట్లోకి పారిపోయింది.

అరుగు మీద ఆ గొడవైన మర్నాడు సాయంత్రం బీచిలో నడుస్తూ బావ నాకు సంగతంతా చెప్పాడు. ఓడలో మాంసం నిలవ చేసే చల్లగదిలో గొట్టం పగిలి అమ్మోనియా నిండిపోయిందట. తన కింద పనిచేసే మనిషి లోపల పడిపోయాడు. బావ ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని వెళ్లి అతన్ని బయటికి లాక్కొచ్చాడు. ఆ మనిషి బతికాడు. బావకి కళ్లు, గొంతు బాగయ్యాయి. వాసన మాత్రం తిరిగి రాలేదు.

"నాలిక్కి ఉప్పు తెలుత్తంది, పులుపు తెలుత్తంది. అంతే. మీ అక్క పెట్టిన పులుసు కూడా నాకు పులుపూ ఉప్పూను. వంటోడికి వాసన తెల్దంటే ఎవడు పెట్టుకుంతాడు? కళ్లు పోతే అందరూ సెయ్యి పట్టుకుంతారు బావా. ముక్కు పోనాదంటే నవ్వుతారు. అందికే సెప్పలేకపోనాను."

"మరి అక్కకి ఎలా తెలిసింది?"

"పొయ్యి మీద పాలు మాడిపోతంటే నాను పక్కనే కూకుని పేపరు సదువుతన్నాను. వచ్చి గిన్నె దించీసి, నా ఎదర కూకుంది. ఎన్నాళ్లయింది అని అడిగింది. అంతే, ఇంకేటీ అన్లేదు. ఆదోరం నాను గ్లాసు పట్టుకుని బిక్కమొగం ఏసుకుని లోపలికెల్తే, ఇలా తెండి అని తీసుకుని వాసన సూసింది."

ఆ మాట చెప్పి సముద్రం వైపు మొహం తిప్పుకుని నడిచాడు. ఏడుస్తున్నాడేమో అనుకుని నేను అటు చూడలేదు. కొంతసేపటికి, "మీ అక్క ముక్కు నాదానికన్నా మంచిది బావా. నాది తిరిగి తిరిగి నేర్సుకున్నాది. ఆవిడది పుట్టుకతోనే," అన్నాడు. ఆ గొంతులో ఓడిపోయినవాడి బాధ లేదు.

తర్వాతి ఆదివారం అరుగు మీద ఒక కుర్చీ ఎక్కువ వేసి ఉంది. అక్క కూర్చోనంటే కూర్చోనంది. చివరికి బోటాయన, "నువ్వు కూకోకపోతే మేం ఏ విషం తాగీమంటావమ్మా?" అంటే నవ్వుకుంటూ వచ్చి కూర్చుంది. గ్లాసు ముందు ఆవిడ చేతికి వెళ్లేది. ఒక్క చుక్క కూడా నోట్లో వేసుకునేది కాదు. కళ్లు మూసుకుని, "అటక మీద దాసిన పొగాకు," అనేది. బావ ముందుకు వంగి, "ఎండుదా, వానకి తడిసిందా?" అని అడిగేవాడు. "తడిసి ఆరింది." "అయితే ఇది కాసిన బట్టీ సముద్రం పక్కనే ఉన్నాది," అనేవాడు ఆయన. ఆవిడ వాసన చూస్తే ఆయనకి రేవు కనిపించేది. ఓడలో ఉన్నన్నాళ్లూ ఆయన ఒక్కడూ తిరిగిన ఊళ్లన్నీ ఆ కుర్చీలో కూర్చున్నాకే అక్క తిరిగింది. గోడపత్రికలో "రేవు రుచి" కింద ఇద్దరి పేర్లు రావడం మొదలైంది. ఆవిడ పేరే ముందు. బాగులేని సీసాని వాళ్లు బాగుందని ఎప్పుడూ రాయలేదు. ఇచ్చినవాడు నొచ్చుకుంటాడేమో అని నేనంటే, "ఆడు ఒక రోజు నొచ్చుకుంతాడు. అబద్ధం నమ్మి ఇంకోడు కొనుక్కుంతాడు కదా," అనేవాడు బావ.

నేను బళ్లో పాఠాలు చెప్పుకునే వాణ్ణి. విస్కీ గురించి నాకు తెలిసింది తక్కువ. కానీ ఏదైనా రుచి చూసినప్పుడు మాట్లాడకుండా కాసేపు ఉండడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తనకి తెలియనిది తెలియదని పదిమందిలో చెప్పడానికి ఎంత గుండె కావాలో కూడా ఆ అరుగు మీదే చూశాను.

పిల్లలు లేరు వాళ్లకి. బావ పోయాక ఆయన అన్నగారి కొడుకు కర్మ జరిపించాడు. అస్థికలు సముద్రంలో కలపడానికి బోటాయన తన బోటు సిద్ధం చేశాడు. ఒడ్డున అక్క తనూ వస్తానంది. ఆడవాళ్లని బోటెక్కించే ఆచారం చేపల బోట్లవాళ్లకి లేదు. "ఆయన తిరిగిన దారి ఒక్కపాలి సూత్తానన్నయ్యా," అంది అక్క. బోటాయన చెక్క పలక తెచ్చి ఒడ్డుకీ బోటుకీ మధ్య వేశాడు, చెయ్యి అందించాడు.

రేవు మూతి దాటాక బయటి సముద్రంలో ఓడలు లంగరు వేసుకుని లోపలికి వంతు కోసం ఆగి ఉన్నాయి. పని ముగించుకుని తిరిగొస్తున్నప్పుడు ఒక పెద్ద ఓడ పక్కగా వచ్చాం. దాని జెండా ఏ దేశానిదో మాకెవరికీ తెలియలేదు. ఎక్కడో ఆకాశమంత ఎత్తున, రైలింగు మీద మోచేతులు ఆనించి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. వంటవాళ్లు కట్టే తెల్ల ఏప్రను కట్టుకున్నాడు. కింద చిన్న బోటులో ఒక ఆడమనిషి కనిపించేసరికి చెయ్యెత్తి ఊపాడు. అక్క తలెత్తి చూసింది. ముందు కొంగు సర్దుకుంది. తర్వాత తనూ చెయ్యెత్తింది. ఆ ఓడ చిన్నదైపోయి, మనిషి చుక్కంత అయ్యేవరకూ ఆ చెయ్యి దించలేదు.