గోడ కింద కునుకు

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది, నవంబరు వానలు వెలిసీ వెలియకముందే నన్ను పుత్తూరు వైపు పల్లెల్లో ఇళ్ల తనిఖీకి వేశారు. అప్పటికి నేను డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరును. వాడుకలో డీఈ అంటారు. నా కింద అసిస్టెంటు ఇంజనీర్లు, వాళ్ల కింద వర్క్ ఇన్‌స్పెక్టర్లు. ఈ ఉద్యోగంలో పైకి పోయేకొద్దీ మనిషి గోడలకు దూరమై కుర్చీకి దగ్గరవుతాడు. ఆ వానలు నన్ను మళ్లీ గోడల దగ్గరికి తోలాయి. పదవీ విరమణకు అప్పటికి రెండేళ్లు కూడా లేదు.

పని చెప్పడానికి తేలిక. చూసిన ప్రతి ఇంటినీ మూడు రకాల్లో ఒకదాని కింద రాయాలి: పూర్తిగా కూలినది, కొంత దెబ్బతిన్నది, నివాసయోగ్యమైనది. కూలిన ఇంటిని చూసి కూలిందని చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. నిలబడి ఉన్న గోడను నమ్మవచ్చా లేదా అన్నదగ్గరే మా అవసరం. గోడ పైనుంచి దారానికి కట్టిన గుండు వదిలితే అది ఎంత ఒరిగిందో తెలుస్తుంది. పగులు కనిపిస్తే దానికి అడ్డంగా సన్నటి గాజుముక్క అతికించి వస్తాం. మళ్లీ వెళ్లేసరికి గాజు విరిగి ఉంటే గోడ ఇంకా కదులుతోందని అర్థం. విరక్కపోతే పగులు పాతది, గోడ తన బాధేదో తాను పడి ఊరుకుందన్నమాట.

ఆ తనిఖీ రోజులు ఇప్పుడు తలచుకుంటే మెలకువలో గడిపినట్టు అనిపించవు. పొద్దెక్కినా కొండల మీద మంచు విడిచేది కాదు. ఎన్నడూ నీళ్లు చూడని బండల మీదినుంచి తెల్లటి ధారలు జారుతుండేవి. ఎంత దూరంలో ఉన్నాయో తెలియదు, చప్పుడు మాత్రం చెవి పక్కనే ఉన్నట్టుండేది. చెరకుతోటలు నీళ్లలో నిలబడి తమ నీడలను తామే చూసుకుంటున్నట్టుండేవి. జీపు దిగి నడుస్తుంటే ఏ ఊరు ఎక్కడ ముగిసి ఏ ఊరు మొదలైందో పోల్చుకోలేకపోయేవాణ్ణి.

అలా నడుస్తూ చేరిన ఒక పల్లెలో దొరసామి ఇల్లు చూశాను. నిజానికి చూడటానికి ఇల్లు లేదు. మట్టిగోడల ఇల్లు మూడు వైపులా కూలి, తలుపు ఉన్న గోడ ఒక్కటే నిలిచింది. ఆ తలుపుకు తాళం కూడా వేసి ఉంది. దొరసామి నలభై దాటిన రైతు. భార్య వసంత, ఆరేళ్ల కూతురు, తల్లి మునెమ్మ, రెండు ఆవులు. మనుషులు నలుగురూ బడిలో తలదాచుకున్నారు. ఆవులు మాత్రం కదల్లేదు. కూలిన ఇంటికి పది గజాల్లోనే ఉన్న గొడ్లకొట్టంలో, దున్నపోతు మీద వాన కురిసినట్టు, నిమ్మళంగా నెమరు వేస్తున్నాయి.

ఒకే వానలో ఇల్లు పడిపోయి కొట్టం ఎలా నిలిచిందన్న ఆసక్తితో లోపలికి వెళ్లాను. దొరసామి తాత కట్టించిన రాతి కట్టడం అది. వేప దూలం, తాటి వాసాలు, పైన మంగళూరు పెంకులు. దూలం కొనలను ఇనుప మొనతో పొడిచి చూస్తే ఎక్కడా చెద లేదు. అసలు సంగతి నేలలో ఉంది. గొడ్ల పంచితం నిలవకుండా పరిచిన రాళ్లన్నీ పడమటి గోడ నుంచి తూర్పుకు వాలుగా ఉన్నాయి. ఆ చివర రాతికాలువ, కాలువ బయటి చేనులోకి. ఎంత వాన పడినా లోపల చుక్క నీరు నిలవదు, పునాదిలోకి దిగదు. మనుషుల ఇంటికి నేల చదునుగా, చక్కగా అలికి పెట్టుకున్నారు. పెరటి నీళ్లు వచ్చి గోడల మొదట్లో నిలిచి, మెల్లగా నానబెట్టి కూల్చాయి. ఆ తాత గొడ్లకు కట్టినంత ముందుచూపుతో తనకు కట్టుకోలేదు.

దొరసామి నా మొహం చూసి, దీన్నే ఇల్లు చేసుకోవచ్చా అని అడిగాడు. గోడలు గట్టివే, చేసుకోవచ్చు అన్నాను. అప్పటిదాకా వాకిట్లో నిలబడి ఉన్న వసంత లోపలికి వచ్చింది. ఇల్లు పడిన రాత్రి గోడ చిటపటమనడం విని బిడ్డను ఎత్తుకుని బయటపడింది ఆమేనట. ఆ చప్పుడు ఇంకా ఆమె చెవుల్లోంచి పోలేదని ఆ నిలబడటంలోనే తెలిసింది.

"గట్టిగా ఉండాదని కాదు సార్ నేనడిగేది. ఈ గోడ కింద బిడ్డను పండబెట్టొచ్చునా?"

నా తనిఖీ పత్రంలో అలాంటి గడి లేదు. నివాసయోగ్యం చేయవచ్చునని, గుండు వేసి చూశానని, గాజు కూడా అతికిస్తానని చెప్పాను. ఆమె వినయంగానే విన్నది, ఏమీ నమ్మలేదు. పడిన ఇంటిని కూడా వేసవిలో ఎవరో సారు చూసి గట్టిదనే చెప్పిపోయాడట. మర్నాడు బిడ్డను తీసుకుని నాయుడుపేటలో పుట్టింటికి వెళ్లిపోయింది. పోతూ ఒక మాట తేల్చి చెప్పింది. కొట్టాన్ని ఇల్లు చేశాక, ఉగాది తర్వాత వచ్చి చూస్తుంది. మనసుకు పట్టకపోతే ఆవులను అమ్మి, అందరూ నాయుడుపేటలో బాడుగ గదికి పోవడమే. అక్కడ ఫ్యాక్టరీల్లో దొరసామికి పని దొరుకుతుంది. దొరసామికి సేద్యం తప్ప ఇంకేమీ చేతకాదు, చేయాలనీ లేదు. మునెమ్మకు ఆ కొట్టం పక్కన తప్ప నిద్ర పట్టదు. అయినా ఇద్దరూ వసంత మాటకు ఎదురు చెప్పలేదు. చెప్పడానికి వాళ్ల దగ్గర ఇల్లు లేదు మరి.

తక్కిన తనిఖీల మీద అటు వెళ్లినప్పుడల్లా కొట్టం దగ్గర ఆగేవాణ్ణి. అది నా డ్యూటీ కాదు. ముప్పై ఏళ్లు బిల్డింగులు కట్టించినవాడికి ఒక పాత కట్టడం మళ్లీ మొదలవుతుంటే చూడాలని ఉండటం సహజం. ముందు ఆవులకు పక్కనే వేరే పాక వేశారు. తర్వాత గోడల కింది భాగం గీకించాను. ఏళ్ల తరబడి పంచితం తాగిన రాయి ఉప్పు కక్కుతుంది. దాని మీద సిమెంటు పూస్తే ఏడాది తిరక్కుండా పెచ్చులు ఊడుతుంది. అందుకని సున్నపు గచ్చే వేయించాం. పగిలిన పెంకులు తీసి, మధ్యలో రెండు గాజు పెంకులు పెట్టించాం. మధ్యాహ్నం వాటిలోంచి దిగిన ఎండ రెండు పలకలుగా నేల మీద పడి, గోడ వైపు పాకి, గోడెక్కి మాయమయ్యేది. తడి సున్నం వాసన, పాత గడ్డి వాసన కలిసిన ఆ గదిలో కాసేపు నిలబడితే చేతిలో ఏ పని ఉందో మరిచిపోయేవాణ్ణి. ఇల్లు కట్టి చూడు అన్నవాళ్లు ఇంటి కష్టమే చెప్పారు కానీ ఈ సుఖం చెప్పలేదు.

నేల మాత్రం ముట్టుకోనివ్వలేదు. కావాలంటే రాళ్ల సందులు పూడ్చుకోండి, వాలు తీయొద్దు అని మేస్త్రీకి గట్టిగా చెప్పాను.

మామిడికాయలు ముదిరే రోజుల్లో దొరసామి ఫోన్ చేశాడు. వసంత ఆ పూట బస్సులో వస్తోందని, నేను ఉండి నాలుగు మాటలు చెబితే బాగుంటుందని అడిగాడు. చెప్పేది కొత్తగా ఏమీ లేకపోయినా వెళ్లాను. బస్సు ఆలస్యమైంది. దొరసామి రోడ్డు దాకా ఎదురువెళ్లాడు. మునెమ్మ సంగటి ముద్ద, పప్పులుసు పెట్టింది. తిన్నాక గాజుముక్కలు చూశాను. నవంబరులో అతికించినవి ఒక్కటీ విరగలేదు. నిలబడి చేసే పని ఇంకేమీ లేక పడమటి గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. గోడ చల్లగా ఉంది. ఎండ పలకలు రెండూ నా కాళ్ల దగ్గరికి వచ్చాయి. అంతలో మబ్బు కమ్మి అవి ఆరిపోయాయి. గాలి లేచింది, మామిడికాయలు రాల్చే వాన మొదలైంది. పెంకుల మీద ఆ చప్పుడు కాసేపు బయట ఉంది, తర్వాత తలలోకి వచ్చింది. పాకలో ఆవుల నెమరు వినిపించినట్టే ఉంది. అది నిజమో, కొట్టం తన పాత రోజులు తలచుకుంటోందో ఇప్పటికీ చెప్పలేను. కలలో నేను చాలా చిన్నవాణ్ణి, గడ్డిలో పడుకుని ఉన్నాను, ఎవరూ నన్ను లేపడం లేదు.

కళ్లు తెరిచేసరికి వాన తగ్గుముఖం పట్టింది. గడప మీద వసంత కూర్చుని ఉంది. తడిసిన కొంగు పిండుకుని భుజాన వేసుకుంది. వెనక దొరసామి, తలకు తువ్వాలు చుట్టుకుని, నన్ను చూడాలో వద్దో తెలియక ఆవుల పాక వైపు చూస్తున్నాడు. నిద్రపోయే డీఈని లేపే పద్ధతి అతనికి తెలియదు పాపం. మునెమ్మ తర్వాత చెప్పింది: నా గురక బయటికి వినిపించిందట. కోడలు ఆ వానలో గోడల కిందికి రావడానికి జడిసి వాకిట్లోనే ఆగి, లోపల ఎవరో మనిషి నిద్రపోతున్నాడని తెలిసి తొంగి చూసిందట. అప్పటినుంచి గడప మీదే కూర్చుని, ఒకసారి గోడను, ఒకసారి నన్ను చూస్తూ ఉందట.

సర్దుకుని లేవబోతుంటే ఆమె అడిగింది.

"అంత వానలో ఆ గోడ కింద మీకు బయం కాలేదా సార్?"

"నిద్రొచ్చింది" అన్నాను.

ఆమె లేచి లోపలికి వచ్చి, సంచిలోంచి పాత చీర తీసి, నేను ఆనుకున్న చోటే నాలుగు మడతలు వేసి పరిచింది. బస్సు ప్రయాణానికి అలిసి దొరసామి భుజం మీద సోలిపోతున్న బిడ్డను తెచ్చి దాని మీద పడుకోబెట్టింది. తాను పక్కన కూర్చుని గోడకు అరచెయ్యి ఆనించి ఉంచింది. నా సర్వీసులో ఎన్నో సర్టిఫికెట్లు రాసి సంతకం పెట్టాను. వాటన్నిటికన్నా గట్టిది ఆ పూట గురకపెట్టి ఇచ్చాను.

గోడ సంగతి అలా తేలింది. ఆపైన ఆమె చూపు నేల మీద పడింది. ఇదేంది సార్, మంచం ఈడ వేస్తే మనిషి ఆడికి జారతాడు, చెంబు పెడితే దొర్లతాది, మా అమ్మగారి వాళ్లు చూస్తే నవ్వరా అని అడిగింది. చదును చేయించి టైల్సు వేయించాలంది. వాలు ఎందుకు ఉండాలో చెప్పాను. గోడ విషయంలో నమ్మింది కాబట్టి నేల విషయంలో బేరానికి వచ్చింది. గృహప్రవేశం కానివ్వండి, ఆ తర్వాత నేల తీయించేస్తాం అంది. దొరసామి తలూపాడు. చదును చేస్తే ఆ ఇల్లు మళ్లీ నీళ్లలోనే నానుతుందని నాకు తెలుసు. కానీ ఇల్లు వాళ్లది. ఇంజనీరు సలహా చెప్పగలడు, కాపురం చేయలేడు.

గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. ఆనవాయితీ ప్రకారం ముందు ఆవును లోపలికి తీసుకుపోవాలి. మామూలుగా కొత్త ఇంట్లోకి ఆవు రానని మొండికేస్తే బెల్లం చూపి బతిమాలుతారు. ఇక్కడ ఆ అవసరం రాలేదు. వాళ్ల రెండు ఆవుల్లో పుల్లావు పసుపు కుంకుమలతో నేరుగా లోపలికి వెళ్లి, ఎవరింటికి వాళ్లు పోయినట్టు తన పాత చోట నిలబడింది. బయటికి తీసుకురావడానికే బతిమాలవలసి వచ్చింది. అందరూ నవ్వారు. వసంత తల్లి మాత్రం నేల వంక చూస్తూ నవ్వలేదు.

తర్వాత గది నడుమ ఇటుకల పొయ్యి పెట్టి కొత్త గిన్నెలో పాలు పొంగించారు. పాలు తూర్పుకు పొంగితే మంచిదని మా వైపు నమ్మకం. అందరి కళ్లూ గిన్నె మీదే. పాలు పైకి లేచి, నురగ కట్టి, పడమటి అంచు మీదినుంచి పొర్లాయి. వసంత తల్లి పెదవి విరిచింది. వసంత మొహం వాడిపోయింది. దొరసామి నా వైపు చూశాడు, పాలకు కూడా నేనేదో సమాధానం చెప్పాలన్నట్టు.

పాలు ఇటుక మీదినుంచి జారి నేల మీద పడ్డాయి. ఒక్క క్షణం అక్కడే నిలిచి, దారి వెతుక్కుని, పొయ్యిని చుట్టి తిరిగాయి. సన్నటి తెల్లటి గీతగా రాళ్ల మీదుగా తూర్పుకు నడిచి, కాలువలోకి దిగి బయటికి పోయాయి. నవంబరులో కొండల మీద చూసిన ధారలు గుర్తొచ్చాయి నాకు. మునెమ్మ, "పాలు సూడమ్మీ, యాటికి పోయినాయో" అంది.

వసంత వంగి ఆ గీతను చివరిదాకా చూసింది. అది వాలు చేసిన పనేనని ఆమెకు తెలుసు. చదును చేయొద్దని నేను చెప్పిన కారణమంతా ఆ పాలగీతలో కనిపిస్తోందనీ తెలుసు. నా వైపు తిరిగి నవ్వింది.

"పాలు యాడ పడినా నేల తూర్పుకే తోలేసింది సార్. ఉండనీండి. మంచం కాళ్ల కింద చెక్కలు పెట్టుకుంటాం."

ఆ తర్వాత వచ్చిన వానల్లో ఆ ఇంట్లో చుక్క నీరు నిలవలేదని దొరసామి చెప్పాడు. బిడ్డ ఇప్పటికీ పడమటి గోడ కిందే పడుకుంటుందట.

మిగిలిన సర్వీసులో నేను రెండు పద్ధతులు పెట్టుకున్నాను. ఏ పాత కట్టడానికి పోయినా గోడ కన్నా ముందు నేల చూసేవాణ్ణి. నీళ్లు పోయే దారి ఉంటే గోడ దానంతట అదే నిలబడుతుంది. నివాసయోగ్యం అని రాసే ముందు ఆ గోడకు వీపు ఆనించి కాసేపు కూర్చునేవాణ్ణి. ముసలాయన కునుకుకు సాకు వెతుక్కుంటున్నాడని మా ఏఈలు నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనిచ్చాను. నాకు అక్కడ కళ్లు మూతపడని గోడ కింద ఇంకొకరి బిడ్డను పడుకోబెట్టమని మాత్రం ఎన్నడూ రాయలేదు.