గవ్వలో ఇద్దరు అమ్మోర్లు

చేటలో పరిచిన బియ్యం మీది గవ్వలన్నీ పెద్దమ్మ ఏరి, మళ్లీ సొరబుర్రలో పోసేసింది. "ఇయేళ అడగను. ఇవి మరో అమ్మోరి గవ్వలంట. ఆ తల్లికి ఏటీ ఇయ్యకుండా ఇన్నాళ్లూ వాడేసినాం," అంది. పెళ్లి మాటకు వచ్చి కూర్చున్నవాళ్లందరూ నా మిత్రుడి వంక చూశారు.

ఇది కొన్నేళ్ల కిందట, అరకు లోయ పైన ఒక కొండ ఊళ్లో జరిగింది. నేను అప్పుడు పత్రికకు కొండ సంతల గురించి రాస్తూ తిరిగేవాణ్ణి. నా వెంట వచ్చిన మిత్రుడు విశాఖలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. ఉద్యోగం మానినా చెప్పే అలవాటు మానలేదు. సముద్రపు గుల్ల ఏది కనిపించినా దాని లాటిన్ పేరు, ఆ పేరుకు అర్థం చెప్పందే కదిలేవాడు కాదు. శంఖం పేరుకు బేరిపండులాంటి చిన్న బొంగరమని అర్థం చెప్పిన నాటి నుంచి, మా పూజగదిలో శంఖాన్ని చూస్తే నాకు నవ్వు వస్తుంది.

ఆ ఊళ్లో పెళ్లి కుదరాలంటే, పూజలు చూసే పెద్దమ్మ గవ్వలు వేసి కొండమ్మను అడగాలి. ఎక్కువ గవ్వలు నోరు పైకి పడితే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఆ రోజు అడగవలసింది ఆమె మనవరాలి గురించే. ఆ పిల్ల పాచిపెంట వైపు కుర్రవాణ్ణి సంతలో చూసి తనే మెచ్చుకుంది. వరుడి మేనమామ వచ్చి కూర్చున్నాడు. ఆ పూట అడగకపోతే చోళ్ల కోత, అంటే రాగుల కోత, అయ్యేదాకా మళ్లీ మాట ఎత్తకూడదు. అంతదాకా కుర్రవాడి వాళ్లు ఆగుతారన్న నమ్మకం ఎవరికీ లేదు.

గవ్వలు చేతిలోకి తీసుకుంటూ పెద్దమ్మే అడిగింది, "మీ సదువులో దీన్నేటంటారు బాబూ?" అని. మా వాడికి అంతకన్నా ఏం కావాలి? సైప్రియా మొనెటా అన్నాడు. సైప్రస్ అనే ద్వీపంలో ఒక ప్రేమదేవత ఉందనీ, మొదటి మాట ఆవిడ పేరనీ చెప్పాడు. ఆమె చెయ్యి అక్కడే ఆగింది, గవ్వలు మళ్లీ సొరబుర్రలోకి వెళ్లాయి.

"పంతులూ, ఇంకొక్క ఘడియ నోరు మూసుకుంటే నా పెళ్లి కుదిరిపోయేది," అంది మనవరాలు.

"ఊరుకో గుంటా. పెద్దోడు," అన్నాడు వరుడి మేనమామ.

"పెద్దోడే. అందుకే సేతిలో బెల్లం ముక్క లేకుండా అమ్మోరిని తెచ్చినాడు."

మిత్రుడు సర్దిచెప్పబోయాడు. "ఆవిడ ఎక్కడో ఉందవ్వా. ఇవన్నీ పట్టించుకోదు."

"పట్టించుకోకపోతే పేరెందుకు పెట్టుకుంది? మా కొండమ్మకి కోడి. ఆయమ్మకి ఏటి?" అంది పెద్దమ్మ.

ఆయన అబద్ధం ఆడలేడు. "పావురం ఆవిడ పక్షి," అన్నాడు.

"పావురాయా? ఏడనుంచి తేను?" అని ఆమె సొరబుర్రకు మూత పెట్టబోయింది. అప్పుడు ఆయనకు రెండో మాట గుర్తొచ్చింది. మొనెటా అన్నది రోములో ఒక తల్లి పేరు. రాబోయేది ముందుగా హెచ్చరించే తల్లి అని పెద్దలు అర్థం చెప్పేవారట. ఆవిడ గుడి దగ్గర నాణేలు అచ్చువేసేవారనీ, గవ్వ కూడా నాణెంగా చెల్లింది కనక ఆ పేరొచ్చిందనీ నాకు దారిలో చెప్పాడు గాని, అక్కడ మాత్రం హెచ్చరిక సంగతి ఒక్కటే చెప్పి ఊరుకున్నాడు. జీవితంలో ఆయన పాఠం సగంలో ఆపడం నేను చూసింది అదొక్కసారే.

పెద్దమ్మ ముఖం విప్పారింది. "ముందే సెప్పే తల్లా? మరందుకే ఇవి సెప్తన్నాయి."

చెప్పే తల్లికి అడగడమే పూజ అని తేల్చింది. మొదటి తల్లికి, అంటే ప్రేమదేవతకు, చేటలోంచి గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టి, కొండమ్మ పక్కనే ఒక రాయి నిలబెడతానని మొక్కుకుంది. గవ్వలు వేసింది. దాదాపు అన్నీ నోరు పైకే పడ్డాయి. మనవరాలు అంబలి ముంత తెచ్చి ముందుగా మా వాడికే ఇచ్చింది.

"తాగు పంతులూ. దీని పేరు మాత్రం సెప్పకు."

పెళ్లి కోతకు ముందే అయింది. రాయి కూడా వచ్చింది. నిలబెట్టే ముందు ఆ తల్లి ఊరు ఎటని పెద్దమ్మ అడిగితే, మిత్రుడు పడమర చూపించాడు. గవ్వలేమో ఉప్పు వర్తకుల వెంట తూర్పు నుంచి వచ్చాయి. అమ్మోరు తన ఊరు చూడాలా, తన గవ్వలొచ్చిన దారి చూడాలా అని ఊరంతా మాట్లాడుకున్నారు. ఆ తరవాత నేను ఆ కొండ ఎక్కినప్పుడల్లా చూశాను. రాయి కొండమ్మ పక్కన పడుకునే ఉంది. ముఖం ఎటు తిప్పాలో ఇంకా తేలలేదు.