ఒక్క పోతుటీగ చాలన్నారు

అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో కాళమ్మ నలభయ్యో ఏట చెట్లెక్కడం నేర్చుకుంది. సునామీ అల పడవనూ వలలనూ ఎత్తుకుపోయాక భర్త గవరయ్య మళ్లీ సముద్రం మొహం చూడలేదు. అటవీశాఖ పాస్ తీసుకుని ఇద్దరూ అడవిలో తేనె తీయసాగారు. మూడేళ్లకు ఆయన జ్వరంతో పోయాడు. ఆమె అడవికి వెళ్లడం మానలేదు. ఏ పట్టునైనా సగమే కోసి, మిగతాది ఈగలకు వదిలేసేది.

సునామీ వచ్చిన పన్నెండేళ్లకు మెయిన్‌లాండ్ నుంచి గణేశ్వరరావు అనే పరిశోధకుడు వచ్చాడు. అడవి తేనెటీగ జీనోమ్ చదవాలట, అంటే ఈగ ఒంట్లో తరతరాలుగా వస్తున్న రాతంతా. వెంట పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి ప్రోతరాపూర్‌లో పుట్టిన విద్యార్థిని కళ్యాణి ఉంది.

"ఒక్క పోతుటీగ చాలు దీదీ. మగ ఈగలో ఆ రాత ఒక్క ప్రతే ఉంటుంది, చదవడం తేలిక" అంది కళ్యాణి.

"అవి పొద్దుగూకే యేళకే బయటికొస్తాయి. ఆగండి, పట్టిస్తాను" అంది కాళమ్మ.

రెండు సాయంత్రాలు వాన పడింది. మూడోనాడు మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి పట్టున్న చెట్టు చుట్టూ పొగ. గణేశ్వరరావు కూలికి పెట్టుకున్న మనుషులు పట్టంతా కాల్చి దింపేశారు. రెక్కలు మాడిన ఈగలు వేలకొద్దీ నేలమీద పాకుతున్నాయి.

"ఏటి సార్ ఇది? ఒక్కటి కావాలని ఊరంతా తగలెట్టేస్తారా?"

"ఈగలేగా కాళమ్మా! షిప్ టైమ్ అయిపోతోంది."

"ఈగలేగానా? ఇన్నేళ్లూ నాకు కూడెట్టినవి సార్ అవి!"

ఆయన వినిపించుకోలేదు. చచ్చిన ఈగలను సంచిలో వేసుకుని పోర్ట్‌బ్లెయిర్ బస్సెక్కాడు. కళ్యాణి మాత్రం ఆగిపోయింది. ఆ సాయంత్రం పక్క చెట్టు దగ్గర కాళమ్మ దోమతెర గుడ్డతో నాలుగు పోతుటీగలను పట్టి, కళ్యాణి దగ్గరున్న స్పిరిట్ సీసాలో వేసింది.

సంచిలోని ఈగలు దారిలోనే కుళ్లిపోయాయి. జీనోమ్ చదివింది ఆ నాలుగింటి నుంచే.

మరుసటేడు కళ్యాణి ఆ పరిశోధన వ్యాసం తెచ్చి చదివి వినిపించింది. ఈగలను సేకరించింది గణేశ్వరరావు అని ఉంది. చివర్లో, "స్థానిక కూలీకి కృతజ్ఞతలు."

"నాకు పేరు లేదేటి? పోనీ, పట్టు కాల్చినట్టు రాశాడా?"

"లేదు దీదీ."

కాళమ్మ ఒళ్లు మండిపోయింది. వారం తిరక్కుండా, పోర్ట్‌బ్లెయిర్‌లో ఆయన మాట్లాడుతున్న సభకు వెళ్లి, నిండు హాల్లో లేచి నిలబడింది.

"సార్, వో మక్ఖీ మైనే పకడీ! ఆ ఈగలను పట్టింది నేను. మీరు పట్టింది అగ్గిపెట్టె!"

గణేశ్వరరావు తల దించుకుని, సరిదిద్దుతానన్నాడు. నాలుగు నెలలకు వ్యాసంలో ఆమె పేరు చేరింది. కాలిన పట్టు మాట మాత్రం రాలేదు. కళ్యాణి చేత హిందీలో రాయించి, కాళమ్మ పట్టు కాల్చారని అటవీ కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చింది. జవాబు రాలేదు. ప్రతి సోమవారం వెళ్లి అడుగుతూనే ఉంది.