చెవిమేస్త్రి అన్న ‘పర్లేదు’

ఊళ్ళో కార్లు బాగుచేసేవాళ్ళకు కొదవలేదు గానీ చెవిమేస్త్రి మాత్రం ఒక్కడే. మూరెడు స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు వింటాడు. ఆ తర్వాత ఆయన నోట వచ్చేవి రెండే మాటలు: ‘తీసుకో’, ‘వద్దు’. పాతకారు కొనబోయే ప్రతివాడూ ఆ రెంటిలో ఏదో ఒకటి వినడానికి షెడ్డు ముందు పడిగాపులు కాసేవాడు. పనివాళ్ళలో ఎవడైనా నోరుజారి ‘పర్లేదు మేస్త్రీ, నడుస్తుంది’ అన్నాడా, వాడి పని అయిపోయినట్టే. పర్లేదు అనేది తెలియనివాడి మాట, తెలియకపోతే తెలీదని చెప్పి చావు అంటూ అరగంట క్లాసు పీకేవాడు. ముప్పై ఏళ్ళు ఆ మాటని షెడ్డు గడప తొక్కనివ్వలేదు.

అలాంటి మనిషి ఆ మాట అననే అన్నాడు. అదీ సొంత బావమరిదితో.

బావమరిది స్కూలు బస్సు డ్రైవరు. స్పీడు నలభై దాటితే కుయ్యోమని అరిచే పెట్టె బిగించిన బస్సును ఇరవై ఏళ్ళుగా తోలుతున్నాడు. పెళ్ళికాక ముందు నుంచీ అతనికి ఒకే ఒక్క పిచ్చి: నేలకు ఆనుకున్నట్టుండే రెండు తలుపుల కారు, తొక్కితే సీటుకు వీపు అంటుకుపోయేంత బలమున్నది. దాని బొమ్మ ట్రంకుపెట్టె మూతకు లోపల అంటించుకుని, బట్టలు తీసిన ప్రతిసారీ చూసుకునేవాడు. కొత్తది కొనడం ఈ జన్మకు జరిగే పని కాదని అతనికీ తెలుసు. ఇన్నాళ్ళకు పాతది ఒకటి అమ్మకానికి వచ్చింది. ఒక పళ్ళ డాక్టరుది. వయసులో బావమరిది కూతురికన్నా పెద్దది, మీటరు రెండు లక్షల నలభై వేల కిలోమీటర్లు చూపిస్తోంది. బావ చెవి పెట్టి ఊఁ అంటేనే కొంటానన్నాడు.

డాక్టరు ఉండే అపార్టుమెంటు కింద, స్తంభాల మధ్య ఉంది కారు. మేస్త్రి అలవాటుగా ముందు బానెట్ మీద అరచెయ్యి వేశాడు. వెచ్చగా తగిలింది. చల్లబడిన ఇంజనును స్టార్టు చేసినప్పుడే లోపలి రోగం బయటపడుతుంది, వేడెక్కాక నూనె దాన్ని చాలావరకు కప్పేస్తుంది. మరోరోజైతే, రేపు పొద్దున్న వస్తాం, అప్పటిదాకా ముట్టుకోకండి అని చెప్పి వెనక్కి తిరిగేవాడు. ఆ రోజు ఆ నియమాన్ని గుటుక్కున మింగేశాడు. అంతకన్నా పెద్ద బెంగ ఒకటి ఆయన్ని తొలుస్తోంది.

ఏడాదిగా చెవులు సరిగ్గా పనిచెయ్యడం లేదు. టీవీ సౌండు పెంచినప్పుడల్లా, గోడతో చెప్పుకున్నా ఈపాటికి పలికేదని పెళ్ళాం సాధించేది. ఆయన విననట్టు ఊరుకునేవాడు. నిజంగానే వినేవాడు కాదు.

డాక్టరు ఇంజను స్టార్టు చేశాక స్క్రూడ్రైవరు నాలుగుచోట్ల పెట్టి చూశాడు. పక్కింట్లో ఎవరో కుళాయి విప్పినట్టు సన్నటి హోరు తప్ప ఇంకేమీ లేదు. కళ్ళు తెరిచేసరికి అటు డాక్టరు, ఇటు బావమరిది, ఇద్దరూ ఆయన నోటివంకే చూస్తున్నారు. నాకు వినపడ్డం లేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెవిమేస్త్రికి చెవులు పోయాయంటే ఇక మిగిలేది ఉత్త మేస్త్రి.

“పర్లేదు” అన్నాడు.

బావమరిది ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. “సరే బావా, తీసుకుంటా” అన్నాడు.

ఆ రోజు నుంచి మేస్త్రికి ముద్ద దిగలేదు. బావమరిది కారు సందు మలుపు తిరిగిందంటే చాలు, తేలు కుట్టిన దొంగలా షెడ్డు వెనక్కి జారుకునేవాడు. ఏళ్ళ తరబడి దాచుకున్నదంతా తన ఒక్క మాట మీద పెట్టాడు పిచ్చోడు, ఆ మాటేమో ఉత్తుత్తిది. కారు మంచిదే అయ్యుండొచ్చని మనసుకు సర్దిచెప్పుకునేవాడు. అయ్యుండొచ్చు అనేదీ పర్లేదుకి తోబుట్టువే అని మళ్ళీ తనను తానే తిట్టుకునేవాడు. చిత్రమేమిటంటే బావమరిది ఆ కారును కూడా బస్సు తోలినట్టే నలభైలోనే తోలేవాడు. చేతికి అలవాటైపోయిందిలే అని ఊళ్ళోవాళ్ళు నవ్వుకున్నారు.

ఓ శుక్రవారం అన్నాల దగ్గర పెళ్ళాం, ఆదివారం తమ్ముడు ఆ కారులో అందర్నీ విడతలుగా పెద్దరోడ్డు మీదికి తీసుకెళ్తున్నాడని చెప్పింది. ఇన్నాళ్ళూ ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాడట, ఈసారి తను ఒట్టు వేయించుకుందట. దాని జోరేమిటో చూడాల్సిందేనని పిల్లలు గంతులేస్తున్నారు. మేస్త్రి కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు తెల్లారుతూనే బావమరిది ఇంటికి వెళ్ళాడు. బానెట్ చల్లగా ఉంది. స్టార్టు చెయ్యరా అన్నాడు. చెవిని నమ్మడానికి లేదు. ఏంచెయ్యాలో తోచక, స్క్రూడ్రైవరు పిడిని పళ్ళ మధ్య కరుచుకుని, మొనను ఇంజను అడుగుభాగానికి ఆనించాడు. చెవులు ఎగ్గొట్టిన కబురు దవడ మోసుకొచ్చింది. టక్, టక్, టక్ అంటూ పుర్రె లోపల ఎవరో సుత్తి పెట్టి కొడుతున్నట్టుంది. కింది బేరింగు పూర్తిగా అరిగిపోయింది. గట్టిగా తొక్కితే రాడ్డు ఇంజనును చీల్చుకుని బయటికొస్తుంది.

పిడి మీద పళ్ళ గాట్లు పడ్డాయి. దాన్ని ప్యాంటుకు తుడుచుకుంటూ, బావమరిది ముఖం చూడలేక కారుతో చెబుతున్నట్టు చెప్పాడు.

“ఆపెయ్. దీన్ని ఇక తోలకు. ఆ రోజు నాకేం వినపడలేదురా. ఏడాదిగా చెవులు పోయాయి. చెప్పడానికి నామోషీ అడ్డొచ్చి నీ కొంప ముంచాను.”

బావమరిది ఇంజను ఆపాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. తర్వాత మేస్త్రికి బాగా వినపడేలా, కాస్త నయంగా ఉన్న కుడిచెవి వైపుకి వచ్చి నిలబడ్డాడు. కారు కొన్నాక ఎదురుపడ్డ నాలుగైదు సార్లూ ఆ వైపు నుంచే మాట్లాడాడన్న సంగతి మేస్త్రికి అప్పుడు తట్టింది.

“నాకు వినపడింది బావా, ఆ రోజే. ఇరవై ఏళ్ళు బస్సు తోలినవాణ్ణి, ఆమాత్రం టకటక తెలీదా?”

“మరి ఎందుకు కొన్నావురా?”

“నువ్వు పర్లేదన్నావు. నీ నోట ఆ మాట వచ్చిందంటేనే సంగతి అర్థమైపోయింది. కారు వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. పరాయివాడు, ఆ డాక్టరు ముందు నీకు వినపడలేదని నేనెలా చెప్పను?”

దాన్ని నలభైలో ఎందుకు తోలాడో, అక్కకు అన్ని సాకులు ఎందుకు చెప్పాడో మేస్త్రికి అడక్కుండానే అర్థమైంది. రేపు కూడా పెద్దరోడ్డు దాకా వెళ్ళకుండా ఏదో సాకుతో వెనక్కి తిప్పేవాడే. ట్రంకుపెట్టెలో బొమ్మ చూసుకుంటూ బతికినవాడు, కారు చేతికొచ్చాక ఒక్కసారి కూడా గట్టిగా తొక్కలేదు. ఇంజను మొత్తం విప్పి తనే బాగుచేసిస్తానంటూ మేస్త్రి చొక్కా చేతులు మడుచుకున్నాడు.

“పర్లేదు బావా” అన్నాడు బావమరిది.

ఆ మాట అన్నవాణ్ణి మేస్త్రి తిట్టకుండా వదిలిపెట్టడం అదే మొదటిసారి.